పత్తి బజారు అరుగు

విరూపాక్షయ్య గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అంటే, తాను అలాంటివాణ్ణి కాదని ఆయన అనుకుంటాడు. బళ్ళారి పత్తి బజారులో తాతల నాటి బట్టల అంగడి ఆయనది. అడిగినా అడగకపోయినా అంగడికి వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పే సంగతి ఒకటుంది. వేబ్రిడ్జి డెబోరా వచ్చిందంటే పనివాడు తాయప్పను పంపడట. తానే గద్దె దిగి, మెట్లు దిగి, వీధిలోకి పోయి మరీ బట్టలు చూపిస్తాడట.

ఆ మాట అబద్ధం కాదు. డెబోరాకు చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులతో పెడలు తిప్పుకునే మూడు చక్రాల బండి మీద ఊరంతా చుట్టబెడుతుంది. ఊరి బయట గనుల లారీలను తూకం వేసే వేబ్రిడ్జిలో కంప్యూటర్ ముందు ఉద్యోగం. చైనాలో ఆటల పోటీలకు ఇనుము కావాలట అని బళ్ళారి అంతా ఊగిపోతున్న రోజులవి. సండూరు కొండల నుంచి వచ్చే లారీలకు లెక్కలేదు. డ్రైవర్లంతా డెబోరాను మేడం అంటారు. ఆమె వాళ్లను పేరు పెట్టి తిడుతుంది.

పత్తి బజారులో అంగళ్లన్నీ ఎత్తైన రాతి అరుగు మీద ఉంటాయి. వానొస్తే కోటగుట్ట మీది నీళ్లన్నీ ఈ వీధినే పారతాయని పెద్దవాళ్లు ముందుచూపుతో అలా కట్టారు. అరుగు కింద మురికికాలువ, దాని మీది నుంచి నిటారుగా మెట్లు. విరూపాక్షయ్య అంగడి వీధి దిగువ కొసన ఉంది కాబట్టి అక్కడి మెట్లు మరీ నిటారు. అందుకే డెబోరా బండి ఎప్పుడూ మెట్ల కిందే ఆగుతుంది. ఆయన నాలుగు చీరలు తెస్తే ఒకటి తీసుకుంటుంది, రెండు తెస్తే ఒకటి తీసుకుంటుంది. ఇంకోటి చూపించమన్న పాపాన పోలేదు.

"గిరాకీ అంటే అట్లుండాల," అంటాడు విరూపాక్షయ్య, తెచ్చిన చీరనల్లా పక్కకు తోసే ఆడవాళ్లకు వినబడేలా. "డెబోరమ్మ చూడండి. ఒక మాట, ఒక చీర. నాకు మళ్లా మడిచే పనే పెట్టదు."

ఆ సోమవారం డెబోరా తల్లి సరోజమ్మతో కలిసి వచ్చింది. వచ్చే శనివారం డెబోరా పెళ్లి. పెళ్లికొడుకు కెన్నెత్ తెక్కలకోటలో బోర్లకు వేసే మోటార్లు బాగుచేస్తాడు. సరోజమ్మ మిషన్ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. బజారులో సగంమంది పుట్టినప్పుడు ఆమె చేతుల్లోనే మొదటి ఏడుపు ఏడ్చారు కాబట్టి అందరికీ ఆమె నర్సమ్మే. వాళ్ల చర్చి సంఘంలో పెళ్లికి తెల్లచీర కట్టాలి. మిషన్ ఇళ్లలో మూడు తరాలుగా ఏ పెళ్లయినా ఆ తెల్లచీర విరూపాక్షయ్య అంగడిదే.

వర్తకులకు తెల్లచీరతో బోణీ చేయడం గిట్టదు. ఆ సంగతి మిషన్ వాళ్లకూ తెలుసు. అందుకని ముందు ఎర్రంచు రుమాలు ఒకటి కొని, ఆ తర్వాత తెల్లచీరలు తీయమంటారు. అటు వర్తకుడి నమ్మకానికీ ఇటు వీళ్ల పెళ్లికీ లోటు రాకుండా ఎప్పుడో ఎవరో కుదిర్చిన పద్ధతి. సరోజమ్మ మెట్లెక్కి వచ్చి రుమాలు తీసుకుని నడుముకు దోపుకుంది.

"ఇంగ తియ్యప్పా తెల్లవి. మంచివి తియ్యి, ఒక్కతే కూతురు."

విరూపాక్షయ్య లోపలి బీరువా తెరిచి, పాత పంచెలో చుట్టిపెట్టిన పట్టుచీరలు తీసి, చేతుల మీద పేర్చుకుని, ఎప్పటిలాగే మెట్లు దిగాడు. డెబోరా బండి ముందున్న పలక మీద వాటిని పెట్టాడు. పై చీర కొసను రెండు వేళ్లతో పట్టి మణికట్టు ఒక్కసారి విదిల్చాడు. తెల్లటి పట్టు జారి, వెండి అంచు ఆమె ఒళ్లో పరుచుకుంది.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో లారీ హారన్ మోగింది.

పెద్దరోడ్డు తవ్వి వదిలేసినప్పటి నుంచి ఖనిజం లారీలు పత్తి బజారులో దూరుతున్నాయి. ఈ లారీకి పైన కప్పిన టార్పాలిన్ సగం ఊడిపోయి ఎగురుతోంది. అది పోయాక చాలాసేపటి దాకా ఎవరూ ఎవరికీ కనబడలేదు. దుమ్ము అణిగాక చూస్తే విరూపాక్షయ్య కనుబొమ్మలు ఎర్రగా ఉన్నాయి, సరోజమ్మ తల ఎర్రగా ఉంది, పట్టుచీరలు పై నుంచి కింది దాకా జేగురు రంగుకు తిరిగాయి.

సరోజమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. డెబోరా మాత్రం ఒళ్లోని చీరను చూసి, ఆయన మొహం చూసి, ఆపుకోలేక పకపకా నవ్వేసింది.

"గాళెప్ప బండప్పా అది. రేపు తూకానికి వస్తాడు గదా, చెప్తా వానికి." నవ్వుతూనే చీర మడతలోంచి దుమ్ము తట్టింది. అది ఇంకా లోపలికి ఇంకింది. అప్పుడామె నవ్వు ఆగిపోయింది. "తెల్లచీర వీధిలో చూసేది కాదప్పా. నేను లోపలికి రావాల."

"దానికేముంది తల్లీ!" విరూపాక్షయ్యకు ప్రాణం లేచొచ్చింది. "తాయప్పా! రా బేగ. అమ్మను ఎత్తి పరుపు మీద కూచోపెట్టు."

తాయప్ప గబగబా దిగి వచ్చాడు. డెబోరా చెయ్యెత్తి ఆపింది.

"వద్దన్నా, నీకు పుణ్యముంటాది. మా నాయన తప్ప నన్నెవరూ ఎత్తుకోలేదు, అదీ నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు. మూట మాదిరి ఎత్తి పెడితే అంగట్లో అందరూ నన్నే చూస్తారు. నేనింగ చీర చూసేది యాడ?"

"పోనీ, ఇంటికే పంపిస్తా. తాయప్ప నాలుగు రకాలు తెస్తాడు, నిదానంగా..."

"నాలుగా?" డెబోరా తలెత్తి చూసింది. "మా చిన్నమ్మ కూతురు క్రిస్టీ పెండ్లప్పుడు ఎన్ని విప్పితివప్పా?"

విరూపాక్షయ్యకు నడుము నొప్పి గుర్తొచ్చింది. ఆ రోజు విప్పినవి మడిచేసరికి దీపాలు పెట్టే వేళయింది.

"పరుపంతా చీరలేనంట. క్రిస్టీ నడుమ కూచుని ఇది వద్దు, దాని కిందిది తియ్యి అంటాంటే నేను ఈడనే, ఈ బండి మీద కూచుని వింటాంటి. లోపల అందరూ నగుతాండారు. ఎందుకు నగుతాండారో కూడా నాకు తెలీలేదు." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఆయనకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది. "నాకూ అట్ల కావాలప్పా. పరుపు మీద కూచోవాల. బీరువా అంతా విప్పియ్యాల. పెద్దరోడ్డులో కొత్త ఏసీ షాపుకు కూడా పోతిమి. బండి పోతాది ఆడ. కానీ బల్లలు నా మెడ దాంక ఉండాయి. అందరూ నిలబడి చీర చూస్తాంటే నేను బల్ల చూసి వస్తి."

విరూపాక్షయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలి కదా.

"నాకేం అభ్యంతరం లేదు తల్లీ. గడప ఉండాది చూడు. మా అమ్మ పూజ చేసిన గడప. ఇప్పుడు మోకాళ్ల నొప్పులని రాలేక, పసుపు కుంకుమ పొట్లం కట్టి పంపిస్తాది, దినామూ నేను పెడతా. కాలు దాని మీద పెట్టం, దాటుకోని పోతాం. చక్రమైతే ఎక్కే పోవాల గదా? మా అమ్మ ఒప్పుకోదు. అయినా ఈ మెట్లకు చక్రమెట్ల వస్తాది?"

"మెట్ల మీద ఎవరు రమ్మనిరి?" డెబోరా వీధి ఎగువకు చెయ్యి చూపింది. "ఈ బజారులో దిగేటప్పుడు నాకు బ్రేకు పట్టి పట్టి చేతులు వాస్తాయి, ఎక్కేటప్పుడు రెక్కలు లాగుతాయి. నీకు తెలీదప్పా, నువ్వు నడుస్తావు. రోడ్డే వాలు గానీ మీ అరుగు వాలు కాదు. పై కొసలో పూలమ్మే పక్కీరమ్మ తావ రోడ్డూ అరుగూ ఒకటే. ఆడ ఎక్కితే నీ అంగడి దాంక నేరుగా రావచ్చు. అడ్డం లేకుంటే."

అడ్డం అంటూ ఆమె కళ్లు విరూపాక్షయ్య అంగడికీ పక్క అంగడికీ మధ్య నిలబడ్డ ఇనుప గ్రిల్లు మీద ఒక క్షణం ఆగాయి. ఆ గ్రిల్లు విరూపాక్షయ్యదే. పక్కన ఫ్యాన్సీ చీరల అంగడి పెట్టిన శరణ్‌తో మాటలు పోయిన రోజున బిగించిందది. గిరాకీ అటు పోకూడదని ఆయనా, పోతే పోనీ అని శరణూ అప్పటి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"బ్లౌజు కుట్టేదానికి టైం కావాలప్పా. గురువారం దాంక చూస్తా," అంది డెబోరా. "కాకుంటే ఏసీ షాపులో ఏదో ఒకటి కళ్లు మూసుకోని తీసుకుంటా."

పెడలు మీద చేతులు వేసి బండి తిప్పుకుంది. ఎగువకు పోయేటప్పుడు ఆమె భుజాలు ఎంత కష్టపడుతున్నాయో విరూపాక్షయ్య మొదటిసారి చూశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన తల్లి సరస్వతమ్మ చేటలో జొన్నలు పోసుకుని రాళ్లు ఏరుతోంది. విరూపాక్షయ్య దుమ్ము కథ చెప్పాడు. చీరలు డ్రైక్లీనింగ్‌కు పంపిన సంగతి చెప్పాడు. మిషన్ వాళ్ల పెళ్లిచీర మొట్టమొదటిసారి అంగడి మారబోతోందన్న బాధ కూడా చెప్పాడు. చివరికి, "నువ్వు ఒప్పుకోవని చెప్పినాలేమ్మా," అన్నాడు.

సరస్వతమ్మ చేట కింద పెట్టింది.

"నన్ను అడిగితివా?"

"గడప గదమ్మా..."

"గడప తొక్కగూడదంటి. దాటగూడదని యాపొద్దన్నా అంటినా?" ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. "నా పేరు చెప్పి ఒక ఆడబిడ్డను వీధిలో కూచోపెడ్తివే! నేను కోడలుగా వచ్చినప్పుడు ఆ అరుగు మీదనే పత్తి బేళ్లు తోపుడుబండ్లలో దొర్లించుకోని వస్తాండిరి. పక్కీరమ్మ ఉండే కొసనే ఎక్కిస్తాండిరి. మీ తాత గడపకు అటొక దిమ్మె, ఇటొక దిమ్మె పెట్టి, పైన పలక యేయిస్తాండె. చక్రం పలక మీద పోతాండె, గడప కింద చల్లగా ఉంటాండె. అరుగు అంత వెడల్పు ఎందుకనుకొంటివి? మీరు బిందెలు, చెప్పులు పేర్చుకునేదానికా?"

సరస్వతమ్మ మళ్లీ చేట ఎత్తుకుంది గానీ చేతులు ఆడలేదు.

"నేను అంగడి చూసి ఎన్నేండ్లాయ? మెట్లెక్కలేనని మీరే అనుకొంటిరి, మీరే పొట్లం కట్టిచ్చుకోని పోతిరి. వస్తావా అని ఒక్కరన్నా అడిగినారా?"

అడగలేదు. అడగాలని కూడా ఆయనకు తట్టలేదు. ఆ పూట రొట్టె కూడా సరిగ్గా తినలేకపోయాడు.

మర్నాడు అంగడి తెరవకముందే విరూపాక్షయ్య వీధి ఎగువ కొసకు పోయి, పక్కీరమ్మ పూలబుట్ట పక్కన అరుగు మీదికి కాలు పెట్టాడు. ఎక్కినట్టే లేదు. అక్కడి నుంచి కిందికి చూస్తే అరుగు బల్లపరుపుగా సాగింది, రోడ్డే దాని పక్కన మెల్లగా కిందికి జారిపోయింది. పుట్టినప్పటి నుంచి తిరిగిన బజారు. ఇది కనబడకపోవడమేమిటని తనను తానే తిట్టుకున్నాడు.

అరుగు మీద నడిచి తన అంగడికి పోదామని బయలుదేరాడు. వెంకటరామి అంగడి ముందు ఇత్తడి బిందెలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. పక్కకు ఒదిగి దాటాడు. ఆ తర్వాత చెప్పుల అంగడి, నడిచే జాగా అంతా అక్కమ్మ పరిచిన చెప్పులే. దాటాడు. దాని పక్కన సందు. సందు మీద ఒకప్పుడు పరిచిన బండ ఎప్పుడు పోయిందో ఏమో, అడుగున మురికినీళ్లు కనబడుతున్నాయి. పంచె ఎగ్గట్టి దూకాడు. శరణ్ అంగడి ముందు కాస్త ఆగి, గొంతు సవరించుకుని, అదీ దాటాడు. ఎదురుగా తన గ్రిల్లు. తన అంగడికి తానే పోలేక దాని ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

అవతల షట్టరెత్తుతున్న తాయప్ప ఇటు తిరిగి చూసి బిత్తరపోయాడు.

"ఏంది సావుకారప్పా, ఆ పక్క ఉండారు?"

"నట్లు విప్పేది తేరా," అన్నాడు విరూపాక్షయ్య.

నట్లు తుప్పు పట్టి ఉన్నాయి. తాయప్ప ఒక పక్క తిప్పుతుంటే ఆయన రెండో పక్క పంచెతో పట్టి తిప్పాడు. వేలు గీరుకుంది. అప్పుడే వచ్చిన శరణ్ తాళంచెవులు చేతిలో పట్టుకుని ఇద్దరినీ చూశాడు. తర్వాత తన అంగడి తాళం తీసి లోపలికి పోయి, కొబ్బరినూనె సీసా తెచ్చి నట్ల మీద పోశాడు. గ్రిల్లు ఊడి ఇద్దరి చేతుల్లోకీ వచ్చింది.

"యాడ పెడతాం దీన్ని?" అన్నాడు శరణ్.

"యాడన్నా పారెయ్యప్పా," అన్నాడు విరూపాక్షయ్య. అన్నేళ్ల తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది అంతే.

ఆ గ్రిల్లు కథ బజారులో అందరికీ తెలుసు. అది ఊడిందన్న వార్త ఎగువ కొసకు పోయేసరికి టీ కూడా కాగలేదు. వెంకటరామి పళ్లు తోముకుంటూనే వచ్చి చూశాడు. బిందెలు తీయమని విరూపాక్షయ్య అడిగితే ముందు కస్సుమన్నాడు.

"యాడ పెట్టాల నా బిందెలు? నీ నెత్తి మీదనా?" పుల్ల నోట్లోంచి తీసి గ్రిల్లు ఉండిన చోటు మళ్లీ చూశాడు. "ఆయితు, కానీలే పో. నీ గ్రిల్లే పోయినంక నా బిందెలెంత. దూలానికి యాలాడదీస్తా. నర్సమ్మ కూతురు గదా. నన్ను పుట్టించేదానికి పిలిస్తే, దారికి అడ్డం ఉండాది, నేను రాలేను అని ఆయమ్మ అనలేదు గదా."

అక్కమ్మ చెప్పుల బల్ల గోడకు జరపడానికి ఒప్పుకుంది గానీ, పోయినవాళ్లు పోయినట్టు తన అంగడి దాటి పోకూడదని, ఒకసారి ఆగి చూడాలని షరతు పెట్టింది. పక్కీరమ్మ దగ్గరికి వచ్చేసరికి విరూపాక్షయ్య చాలా మాటలు సిద్ధం చేసుకున్నాడు.

"నేను స్వల్ప ఇట్ల జరిగితే సరిపాయ గదప్పా," అని ఆమె బుట్ట ఎత్తి పక్కన పెట్టుకుంది. "దీనికింత పంచాయతీనా?"

మిగిలింది సందు. తాయప్ప వేబ్రిడ్జికి పోయి డెబోరాతో చెప్పి వచ్చాడు. బుధవారం మధ్యాహ్నం గాళెప్ప తలొంచుకుని బజారుకు వచ్చాడు. తన పాత లారీ వెనక తలుపు పలకను, మందపాటి కర్రకు ఇనుప పట్టీలు కొట్టినదాన్ని, ఇంకో డ్రైవరుతో కలిసి మోసుకొచ్చాడు. సందు మీద వేసి, పైకెక్కి ఎగిరి దూకి చూశాడు.

"పదారు టన్నులు మోసినదప్పా ఇది," అన్నాడు విరూపాక్షయ్యతో. "మేడం ఒక లెక్కనా? చీరల సంగతి మాత్రం మేడంకు మళ్లా గుర్తు చెయ్యొద్దు. నిన్న తిట్టిన తిట్లు చాలు నాకు."

గురువారం పొద్దెక్కేసరికి పత్తి బజారుకు కొత్త కళ వచ్చింది. వెంకటరామి బిందెలు నెత్తిన తోరణాల్లా వేలాడుతున్నాయి. వీధిలో ఒక్క లారీ కనబడలేదు. మేడం మాట డ్రైవర్లందరికీ చేరిందని విరూపాక్షయ్యకు తర్వాత తెలిసింది. ఆయన గడపకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, అటూ ఇటూ దిమ్మెలు అమర్చి, తాతలాగే పైన పలక వేయించాడు. వంగి చూస్తే గడప కింద చల్లగానే ఉంది.

ఎగువ కొసన ఆటో ఆగింది. అందులోంచి దిగింది సరస్వతమ్మ. అక్కడే డెబోరా బండి కూడా ఉంది. తనకు చెప్పకుండా వాళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో విరూపాక్షయ్యకు అంతుబట్టలేదు. డెబోరా పెడలు తిప్పింది. బండి పక్కీరమ్మ పక్కన అరుగు మీదికి ఎక్కింది. సరస్వతమ్మ బండి వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకుని దాని ఆసరాతో అడుగులో అడుగు వేసింది. వాళ్ల వెనక చేతిసంచితో సరోజమ్మ.

"నిదానం పాపా, నేనూ వస్తాండా," అంటోంది ముసలామె.

"బ్రేకు నా చేతిలోనే ఉండాది అవ్వా, బయపడొద్దు."

అక్కమ్మ దగ్గర ఆగారు. సరస్వతమ్మ మెత్తటి చెప్పులు కాలికి పెట్టి చూసింది. గాళెప్ప పలక మీద చక్రాలు టకటకమన్నాయి. శరణ్ అంగట్లోంచి బయటకు వచ్చి నమస్కారం పెట్టాడు. అరుగు కింద వీధిలో నడిచేవాళ్లు ఆగి తలెత్తి చూశారు. ఇన్నాళ్లూ కింది నుంచి బజారును చూసిన డెబోరా ఇప్పుడు పై నుంచి అందరినీ చూస్తోంది. ఆమె మొహం వెలిగిపోతోంది. మెట్ల దగ్గర నిలబడి చూస్తున్న విరూపాక్షయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్మేమీ లేకపోయినా తుండుగుడ్డ తీశాడు.

బండి పలకెక్కింది, గడప దాటింది. లోపలికి వచ్చాక డెబోరా బండి అంచు పట్టుకుని, చేతుల మీద బరువు వేసి, పరుపు మీదికి జారి కూర్చుంది. సరస్వతమ్మ గోడకు ఆనుకుని కూలబడి, అంగడి నలుమూలలా కళ్లారా చూసుకుంది. సరోజమ్మ కూర్చుంది. విరూపాక్షయ్య ఎదురుగా కూర్చున్నాడు. పరుపు మీద అందరి ఎత్తూ ఒకటే. ఆయన తలొంచకుండా, డెబోరా తలెత్తకుండా, ఒకరి మొహం ఒకరు ఎదురెదురుగా చూసుకోవడం అదే మొదలు.

"ముందు ఒక ఎర్రంచు రుమాలు ఇయ్యప్పా," అంది డెబోరా. రుమాలు తీసుకుని తల్లిలాగే నడుముకు దోపుకుంది. "ఇంగ విప్పు."

విరూపాక్షయ్య మొదటి చీర కొస పట్టి విదిల్చాడు.

"అంచు లావాయ."

రెండోది.

"ఇది క్రిస్టీ కట్టింది మాదిరే ఉండాది. వద్దు."

మూడోదాన్ని భుజాన వేసుకుని అద్దం తెమ్మంది. తాయప్ప నిలువుటద్దం మోసుకొచ్చి పరుపు మీదికి వంచి పట్టుకున్నాడు. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది, మొహం చిట్లించింది. వెండి చుక్కలది తీయించింది. జరీ లేనిది తీయించింది. సరస్వతమ్మకు నచ్చింది సరోజమ్మకు నచ్చలేదు, ఇద్దరికీ నచ్చింది డెబోరాకు నచ్చలేదు. "దాని కిందిది తియ్యప్పా. అది కాదు, దాని కిందిది," అన్నప్పుడల్లా ఆమె గొంతులో సంతోషం పొంగుతోంది. ఒక చీర కట్టుకుని పీట మీద ఎట్లా కూర్చోవాలో సరస్వతమ్మ చూపించబోయి పక్కకు ఒరిగిపోతే అందరూ నవ్వారు. డెబోరా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలుసు.

బీరువా ఖాళీ అయింది. విరూపాక్షయ్య నుదురు తుడుచుకుని, తెల్లటి కుప్ప మధ్య కూర్చున్న పిల్లను మురిపెంగా చూశాడు.

"ఏది తల్లీ? ఏది కట్టాల?"

డెబోరా కుప్ప మీద చెయ్యి ఆడించింది. ఒకటి రెండు చీరల దగ్గర వేళ్లు ఆగాయి, మళ్లీ కదిలాయి.

"నచ్చలేదప్పా," అంది.

అద్దం పట్టుకున్న తాయప్ప చేయి కొంచెం వంగింది.

"అంటే, బాగుండాయి. మామిడిపిందెల అంచుది చానా బాగుండాది. ఇంకొక అంగడి చూసి చెప్తా."

సరోజమ్మ సిగ్గుపడి ఏదో అనబోయింది. డెబోరా అప్పటికే చేతుల మీద లేచి బండిలోకి చేరింది. పలకెక్కి, గడప దాటి, అరుగు మీద పక్కకు తిరిగింది. గ్రిల్లు ఉండిన చోటును హాయిగా దాటి, నేరుగా శరణ్ అంగడి ముందు ఆగింది.

"శరణన్నా, తెల్లవి ఉండాయా? అన్నీ తియ్యాల మల్ల!"

విరూపాక్షయ్య చుట్టూ ఉన్న చీరల కుప్ప చూశాడు. వేలికి కట్టిన గుడ్డ వైపు చూసుకున్నాడు. గ్రిల్లు పీకింది తను, బజారంతా బతిమాలింది తను, బిందెల వెంకటరామితో మాటలు పడింది తను. కోపం తెచ్చుకుందామని చూశాడు. అది రాలేదు. దాని బదులు ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్లలో ఆ పిల్ల తన దగ్గర ఒక్కసారైనా వద్దనలేదు. నాలుగు తెస్తే నాలుగిట్లో ఒకటి, రెండు తెస్తే రెంట్లో ఒకటి. ఆ తీసుకున్నవాటిలో ఆమెకు నచ్చినవి ఎన్ని? ఎండలో బండి మీద కూర్చుని, ఇంత పెద్ద మనిషి మెట్లు దిగి వచ్చాడే అని, ఎన్నిటికి తలూపిందో? దాన్ని తను మంచి గిరాకీ అని ఊరంతా చాటాడు. ఇవాళే కదా ఆమె గిరాకీ అయింది.

సరస్వతమ్మ కొడుకు మొహం చూస్తూనే ఉంది.

"నేనూ అట్లే చేస్తాంటి," అంది, కాళ్లు చాపుకుంటూ. "బజారంతా తిరిగి, అన్నీ విప్పిచ్చి, యాడా కొనకుండా ఇంటికి పోతాంటి. ఎంత బాగుంటాండెనో."

ఆ మాటకు విరూపాక్షయ్య నవ్వాడు. మొదట కొంచెం, తర్వాత కుప్పలోని చీరలు కదిలేంత. పక్కంగట్లోంచి శరణ్ ఆపసోపాలు వినబడుతున్నాయి. "దాని కిందిదన్నా, అది కాదు," అంటున్న డెబోరా గొంతు అంతకన్నా గట్టిగా వినబడుతోంది.

చాలాసేపటికి చక్రాల చప్పుడు మళ్లీ ఇటు వచ్చింది. డెబోరా గడప అవతల ఆగి లోపలికి తొంగిచూసింది. ఒళ్లో కొత్త చీర పొట్లమేమీ లేదు.

"అప్పా, రేపు పొద్దున్నే డ్యూటీకి పోయేముందు వస్తా, బ్లౌజు రాత్రికి రాత్రే కుట్టిచ్చుకుంటాలే. ఆ మామిడిపిందెలది పక్కన పెట్టు. తీసుకుంటానని కాదు మల్ల. ఇంకొకసారి చూస్తా."

"రా తల్లీ," అన్నాడు విరూపాక్షయ్య. "నీ అంగడి."

బండి ఎగువకు పోయింది. తాయప్ప అద్దం గోడకు ఆనించి, యజమాని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పొద్దున్నే అంటే బోణీ కూడా అయ్యుండదు సావుకారప్పా. రుమాలు ముందే కొనేసింది, రేపు మళ్లా కొంటాదా? తెల్లచీరతోనే బోణీ ఐతాది."

"కానీలే."

తాయప్ప ముసలామె వైపు చూశాడు. సరస్వతమ్మ వినబడనట్టు చీర అంచు నిమురుకుంటోంది.

"సరే, తెల్లదే అనుకుందాం. పొద్దున్నే అన్నీ విప్పిచ్చి, రేపు కూడా తీసుకోకుంటే?"

విరూపాక్షయ్య దగ్గరున్న చీర అందుకుని, నడిమడత గడ్డం కింద అదిమిపట్టి, రెండు చేతులూ బార్లా చాచాడు.

"తీసుకోకుంటే ఏముందిరా," అన్నాడు. "మళ్లా మడుస్తాం. ఆ కొస పట్టు."